పౌడర్ వద్దు, వంటమనిషి అసలే వద్దు

"ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న మా అమ్మకి 72 ఏళ్ళు. ఈమధ్య ఓపిక బాగా తగ్గింది. ఏ ప్రోటీన్ పౌడర్ మంచిది? వంటమనిషిని పెట్టేయమంటారా?" అని అడిగారు. రెండూ వద్దంటాను. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మీ అమ్మగారు రాత్రి ఏం తింటున్నారో మీరు రాయలేదు. నేను చెప్తా: మజ్జిగన్నం, లేకపోతే రెండు ఇడ్లీలు, లేకపోతే జావ. మన ఇళ్ళల్లో డెబ్బై దాటగానే పెద్దావిడ కంచంలోంచి పప్పు, గుడ్డు, మాంసం ఒక్కొక్కటే మాయమవుతాయి. "ఈ వయసులో అరగదు" అని మనం తీసేసేవి సగం, వాళ్ళంతట వాళ్ళే మానేసేవి సగం. ఆ తేలిక తిండే మనుషుల్ని మంచాన పడేస్తుందని నా గట్టి నమ్మకం.

మా అత్తగారు తణుకులో ఒక్కరే ఉంటారు. మామయ్యగారు పోయాక చేపలు, గుడ్లు మానేశారు. మానమని ఎవరూ అనలేదు, తినమని కూడా ఎవరూ అనలేదు. తర్వాత ఒక వానాకాలం జ్వరం వచ్చి తగ్గింది కానీ, జ్వరంతో మొదలైన బియ్యం జావ మాత్రం ఆగలేదు. సోమవారం, శనివారం ఒంటిపూట సరేసరి.

ఒకరోజు పొద్దున్న పీట మీద కూర్చుని దీపం పెట్టి, లేవబోతే లేవలేకపోయారు. పడలేదు, కళ్ళు తిరగలేదు, నొప్పి కూడా లేదు. తొడల్లో బలం లేదంతే. గోడ పట్టుకుంటే చెయ్యి జారింది. కూర్చునే జరుగుతూ వంటింటి దాకా వచ్చి గుమ్మం పట్టుకుని చూశారు, అదీ కుదరలేదు. హాల్లో ఛార్జింగ్‌కి పెట్టిన ఫోను మోగుతూనే ఉంది. చేస్తున్నది నేనే. పెరటి తలుపు తీసి ఉండబట్టి సరిపోయింది, పనమ్మాయి వచ్చి లేవదీసింది. అప్పటిదాకా ఈవిడ ఊరికే కూర్చోలేదు, బుట్ట దగ్గరికి లాక్కుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసేశారట! నాకు మాత్రం "స్నానంలో ఉన్నానమ్మా, ఫోను వినపడలేదు" అన్నారు. అసలు సంగతి పనమ్మాయి చెబితే తెలిసింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే "వయసండీ" అని కాల్షియం మాత్రలు రాశారు. ఏం తింటున్నారని ఒక్క ప్రశ్న లేదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలేమో బ్రెడ్డు, యాపిల్స్. పళ్ళసెట్టుతో యాపిల్ ఎలా కొరుకుతారో ఒక్కరికీ తట్టదు. అరకిలో పుట్నాల పప్పు తెచ్చిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఎదిగిన మనుషులకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. ముసలితనంలో అంతే తిన్నా కండ తక్కువ పడుతుంది కాబట్టి 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని యూరప్ నిపుణులు అంటారు. మా అత్తగారు 50 కిలోలు, అంటే 50 నుంచి 60 గ్రాములు. కాగితం పెట్టుకుని లెక్కేస్తే ఆవిడ తింటున్నది అందులో సగం కూడా లేదు. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, గుప్పెడు వేరుశనగల్లో 7. దీనికి పౌడర్ డబ్బా ఎందుకు చెప్పండి?

రాత్రి జావ తీయించి పెసరట్టు పెట్టించాను. మెత్తగా ఉంటుంది, పళ్ళకి పని లేదు. మధ్యాహ్నం చారు మీద చారు కాకుండా గట్టిగా ముద్దపప్పు. కూరల్లో వేరుశనగ పొడి. గుడ్డు తినమని నేనెంత చెప్పినా వినలేదు. వాళ్ళన్నయ్య వచ్చి "తినవే, ఏం కాదు" అంటే మర్నాడే తిన్నారు. కోడలి మాటకి ఉన్న విలువ అది.

ఇక వంటమనిషి. మా ఆడపడుచు కూడా ఇదే మాటంది, నేను ఒప్పుకోలేదు. నిలబడటం, వంగటం, డబ్బా అందుకోవటం, రుబ్బటం... ఆవిడకి రోజు మొత్తంలో ఉన్న వ్యాయామం అదే. అదీ లాగేసుకుంటే మిగిలేది టీవీ ముందు కుర్చీ. వంట మాన్పించకుండా వంటిల్లు మార్చాం. ఐదు లీటర్ల కుక్కర్ పోయి రెండు లీటర్లది వచ్చింది, పప్పుల డబ్బాలు పై అరలోంచి గట్టు మీదికి దిగాయి. అసలు ఆ కుక్కర్ మూతలు తయారుచేసేవాళ్ళు ఒక్కసారైనా డెబ్బై ఏళ్ళ చేతులతో తీయించి చూస్తారా? మాత్రల రేకులూ అంతే.

తిండి ఒక్కటే పెడితే చాలదు, కాళ్ళకి పని చెప్పాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోమనండి. ఐదుసార్లకి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కాళ్ళ సత్తువ తగ్గినట్టేనని ఆసియా నిపుణులు పెట్టిన లెక్క. మొదట్లో పక్కన ఎవరైనా ఉండాలి. మా అత్తగారు ఇప్పుడు పీట బదులు స్టూలు వాడుతున్నారు, రైతుబజారుకి ఒక్కరే వెళ్ళి నాకు బెండకాయల రేటు చెప్తున్నారు.

ఇంకోటి. మీ అమ్మగారికి కిడ్నీ ఇబ్బంది ఉంటే మాత్రం పప్పు, గుడ్డు పెంచేముందు డాక్టర్ని అడగండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటుంటే విటమిన్ బి12 పరీక్ష కూడా చేయించండి, అది తగ్గినా ఓపిక ఉండదు.