న్యాయ సలహా: ఈఎస్‌ఐ అనారోగ్య భృతి కాగితాలు అందలేదంటున్నారు

ప్రశ్న: మా వారు బాలానగర్‌లోని ఒక చిన్న పరిశ్రమలో లేత్ ఆపరేటరు. జీతం నెలకు రూ.18,000. జూలైలో పచ్చకామెర్లు వచ్చి ఆరు వారాలు పనికి వెళ్లలేకపోయారు. డిస్పెన్సరీ డాక్టరు రాసిన సర్టిఫికెట్లన్నీ ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో ఇచ్చాం. రెండు నెలల తర్వాత వెళ్లి అడిగితే చివరి రెండు తమకు అందలేదన్నారు. మా దగ్గర రసీదు లేదు. కంపెనీవారు తమకు సంబంధం లేదంటున్నారు. ఆ డబ్బు ఇక రానట్టేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రానట్టేమీ కాదమ్మా, అధైర్యపడకండి. జూలై, డిసెంబరు మధ్య జబ్బుపడిన వారికి అంతకుముందు అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు గల ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా జమై ఉంటే, సగటు దినసరి వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు భృతి చెల్లించాలి. మీ వారి సగటు రూ.600గా లెక్కకు వస్తే రోజుకు రూ.420 రావాలి. మొదటి రెండు రోజులకు సాధారణంగా చెల్లింపు ఉండదు కనుక, 42 రోజుల సెలవుకు 40 రోజుల భృతి, అంటే రూ.16,800 అవుతుంది. కాగితం కనబడలేదన్న ఒక్క మాటకు వదులుకోవలసిన సొమ్ము కాదిది.

సర్టిఫికెటు ఇచ్చే డిస్పెన్సరీ రాష్ట్ర ప్రభుత్వ బీమా వైద్య సేవల శాఖది; డబ్బు చెల్లించే బ్రాంచి ఆఫీసు కేంద్రం పరిధిలోని ఈఎస్‌ఐ కార్పొరేషన్‌ది. ఈ రెండింటి మధ్య కాగితం మోసే భారం జబ్బుమనిషి మీదో, ఆయన ఇంటివాళ్ల మీదో పడటం అన్యాయమని నా అభిప్రాయం. అయితే, మీ వారిని పరీక్షించి సెలవు రాసిన వివరం డిస్పెన్సరీ రికార్డులో నమోదై ఉంటుంది కనుక, ఇన్సూరెన్స్ నంబరు, తేదీలు పేర్కొంటూ అక్కడి డాక్టరుకు దరఖాస్తు రాసి, ఆ రెండు సర్టిఫికెట్లకు డూప్లికేట్లు అడగండి. వాటిని జిరాక్సు తీసుకున్నాకే, క్లెయిము ఫారంతోనూ బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ నకలుతోనూ కలిపి బ్రాంచి మేనేజరుకు సమర్పించి, మీ దగ్గరుంచుకునే ప్రతి మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి నిరాకరిస్తే రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. ఆలస్యం మాత్రం చేయవద్దు; భృతి రావలసిన నాటి నుంచి 12 నెలల్లోగా క్లెయిము చేయాలి.

అప్పటికీ కదలిక లేకపోతే హిల్‌ఫోర్ట్ రోడ్డులోని ప్రాంతీయ కార్యాలయానికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. దానితోపాటు, మీ క్లెయిము ఏ తేదీన ఎవరి వద్దకు వెళ్లిందో, ఎక్కడ ఆగిందో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద రూ.10 రుసుముతో అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మౌఖికంగా అందలేదని చెప్పినంత తేలిక కాదు, ఆ మాటనే కాగితం మీద రాసి సంతకం పెట్టడం.

కంపెనీవారి వైఖరి కూడా సరికాదు. ఆ రోజుల్లో మీ వారు పనికి రాలేదని, జీతం తీసుకోలేదని బ్రాంచి ఆఫీసు అడిగినప్పుడు ధ్రువీకరించవలసింది వారే. అంతేకాక, అనారోగ్య భృతి పొందుతున్న కాలంలో ఉద్యోగిని తొలగించడానికి గానీ శిక్షించడానికి గానీ యజమానికి హక్కు లేదు. అలాంటి నోటీసు వస్తే సంతకం చేసే ముందు కార్మిక సంఘాన్ని గానీ న్యాయవాదిని గానీ సంప్రదించండి.