పగడాలు తినే చేపలు మేత ముట్టడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: ఉప్పాడ దగ్గర రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. ఇంట్లో 4 అడుగుల సముద్రపు అక్వేరియం ఏడాదిన్నరగా నడుస్తోంది. క్లౌన్ చేపలు, డామ్సెల్స్, లెదర్ కోరల్, జోయాంథస్ లాంటి మెత్తటి పగడపు జీవులు బాగానే ఉన్నాయి. 9 రోజుల క్రితం చెన్నై నుంచి ఒక కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై, ఒక జత ఆరెంజ్ స్పాట్ ఫైల్‌ఫిష్ తెప్పించాను. పెల్లెట్లు, ఫ్రోజెన్ రొయ్య ముక్కలు ఏవి వేసినా దగ్గరికొచ్చి చూసి వెళ్లిపోతున్నాయి. ఫైల్‌ఫిష్ పొట్టలు లోపలికి పోయాయి. వెల్లుల్లి రసం కలిపి వేయమంటున్నారు. ఆకలి మందు ఏమైనా ఉందా? రామేశ్వరం వైపు నుంచి బతికున్న పగడపు కొమ్మలు తెప్పిస్తానని ఒకాయన అంటున్నాడు, వేస్తే తింటాయా?

జవాబు: ముందు ఆ కొమ్మల సంగతి తేల్చేద్దాం. వద్దు. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులికి ఎంత రక్షణ ఉందో వాటికీ అంతే. బతికున్నదైనా ఎండినదైనా సముద్రంలోంచి తీయడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. పైగా పిడికెడంత కొమ్మ మీ జతకి ఎన్నాళ్లొస్తుంది? నాలుగు రోజుల్లో గిల్లి తెల్ల రాయి చేసి పెడతాయి, ఐదో రోజు మీరు మళ్లీ ఇదే ప్రశ్న పట్టుకుని ఉంటారు.

ఇక అసలు విషయం. మీరు ఈ మూడింటినీ ఒకే రకం సమస్యగా చూస్తున్నారు కానీ కాదు. కాపర్‌బ్యాండ్ అసలు పగడం మీద బతికే చేపే కాదు. ఆ పొడుగాటి మూతి రాళ్ల సందుల్లోంచి పురుగుల్ని, చిన్న చిన్న జీవుల్ని లాగి తినడానికి. ఫైల్‌ఫిష్ మాత్రం అక్రోపోరా అనే కొమ్మల పగడం మీదే పెరిగి, దాని పాలిప్‌లనే (పగడం పైన ఉండే మెత్తటి చిన్న జీవుల్నే) తిని, రాత్రి ఆ కొమ్మనే నోటితో పట్టుకుని నిద్రపోయే చేప. పగడాలు తినే చేపలు 128 రకాలని 2008లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు, అందులో సగానికి పైగా, 69, బటర్‌ఫ్లై చేపలే. ఆ మొత్తంలో మూడో వంతుకు పైగా చేపలకి పగడం తప్ప దాదాపు వేరే తిండి లేదు, మీ ఫైల్‌ఫిష్ ఆ జాబితాలోదే. 1998లో జపాన్‌లోని ఒకినావా దగ్గర సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారినప్పుడు అక్కడి ఈ చేపలు చిక్కిపోయి, కొన్నాళ్లకే బాగా తగ్గిపోయాయి. చుట్టూ సముద్రం నిండా వేరే తిండి ఉన్నా వాటి వల్ల కాలేదు. అలాంటిది మన పెల్లెట్‌ను చూసి మొహం తిప్పుకుంటే అది మొండితనం కాదు. పైనుంచి రాలే గుండ్రటి గింజ తిండి అని దానికి తెలియదు, అంతే.

మరి దానికి తెలిసిన తిండి ఎలా ఉంటుంది? కదలకుండా ఒకచోట నిలబడి, గరుగ్గా, కొమ్మలా, వాసనతో ఉంటుంది. వాసన అని ఎందుకంటున్నానంటే, ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగాల్లో ఈ ఫైల్‌ఫిష్ ఒంటికి అది తిన్న పగడం వాసనే వస్తుందని, ఆ వాసన చాటున వేటాడే చేపలకి అది సరిగ్గా దొరకదని తేలింది. వాసనతో అంతగా ముడిపడ్డ బతుకు దానిది. కాబట్టి మేతని నీళ్లలో చల్లడం ఆపేసి, కొమ్మకి పట్టించి ఇవ్వాలి. ఈ జవాబులో మిగతాది మర్చిపోయినా ఈ ఒక్కటి చేయండి.

కొమ్మ ఎక్కడిదంటారా? పగడం అస్థిపంజరం కూడా చట్టంలోకే వస్తుంది కాబట్టి అది వద్దు. మీ ఊరి కుమ్మరి దగ్గర పెన్సిల్ లావు వేళ్లు నాలుగైదు పైకి లేచినట్టు ఒక మట్టి కొమ్మ చేయించి కాల్పించండి. రంగు, గ్లేజ్ ఏమీ ఉండకూడదు, ఒళ్లంతా సూదితో గుంటలు పెట్టించండి. రెండు రోజులు నీళ్లలో నానబెట్టి వాడుకోవచ్చు. మేతకి ఆల్చిప్ప మాంసం రెండు పాళ్లు, స్క్విడ్ ఒక పాలు, సన్న గింజ చేప జన (గుడ్లు) ఒక పాలు, గుప్పెడు ఆర్టీమియా (చేపలకి మేతగా వేసే చిన్న ఉప్పునీటి రొయ్య లాంటి జీవి) కలిపి మిక్సీలో మెత్తగా కొట్టండి. వంటింట్లో వాడే చైనా గ్రాస్‌ను కొంచెం నీళ్లలో మరిగించి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి రాగానే ఈ ముద్ద అందులో కలిపేయండి. మరీ వేడిగా ఉంటే మాంసం ఉడికి వాసన మారిపోతుంది, మరీ ఆగితే గడ్డకడుతుంది. కొమ్మని అందులో ముంచి తీసి ఫ్రిజ్‌లో పెడితే గుంటల్లోకి దిగి పట్టుకుంటుంది. ట్యాంకులో అరగంట ఉంచి తీసేయండి, తిన్నా తినకపోయినా. రొయ్యలు ఎంత మేత తిన్నాయో చూడటానికి పళ్లెం దింపి తీస్తారే, అచ్చం మీ ఆ చెక్ ట్రే పద్ధతే. పైకి తీసి చూస్తే పూత మీద సన్న సన్న గిల్లుళ్లు కనిపిస్తాయి, అదే మీకు లెక్క.

మొదటి రోజు ఏమీ జరగకపోవచ్చు. కొత్త వస్తువంటే వాటికి భయం. మా ల్యాబ్‌లో ఒక జతని ఇలాగే చూశాను. మూడో రోజు ఆడది కొమ్మ ముందు తలకిందులుగా నిలబడి, ఒక కన్ను, తర్వాత రెండో కన్ను తిప్పి చాలాసేపు చూసింది. ఒక గిల్లు గిల్లి ఉమ్మేసింది. మళ్లీ గిల్లింది, ఈసారి దవడ ఆడింది. పావుగంట కాకముందే మగది పక్కకొచ్చి అదే వేలు గిల్లడం మొదలుపెట్టింది. అందుకే జతని విడదీయొద్దు, ఒకటి నేర్చుకుంటే రెండోది చూసి నేర్చుకుంటుంది. ఇంకొకటి గమనించండి. గిల్లేటప్పుడు పూతలోంచి నలుసులు ఊడి నీళ్లలో తేలుతాయి. ఏ రోజైతే చేప ఆ నలుసు వెంట పడి పట్టుకుందో ఆ రోజు నుంచి కొమ్మ మీద ఉన్న అదే మేతని పైపుతో కొమ్మ పక్కనే సన్నగా వదలడం మొదలుపెట్టండి. తర్వాత జన, ఫ్రోజెన్ ఆర్టీమియా, అలా ఒక్కొక్కటి. పెల్లెట్ గురించి ఇంకో రెండు నెలలు ఆలోచించొద్దు.

ఇక మీ చేతిలో ఉన్న అదృష్టం హేచరీ. మామూలుగా ఇంట్లో ఈ చేపలు పెంచేవాళ్లకి దొరకనివన్నీ మీకు పని చేసే చోటే ఉన్నాయి. తల్లి రొయ్యలకి వేసే పాలీకీట్ అనే సముద్రపు పురుగు బతికున్నది రెండు తెచ్చి, అంగుళం ముక్కలు చేసి, తెరిచిన ఆల్చిప్పలో మాంసం పక్కనే ఇరికించి, కాపర్‌బ్యాండ్ తిరిగే చోట రాయికి ఆనించి పెట్టండి. ఆ మెలికలు తిరగడం చూస్తే చాలావరకు అది ఆగలేకపోతుంది. నా అంచనా, నాలుగైదు రోజుల్లో అది దారిలో పడుతుంది. ఆల్చిప్పలు మాత్రం హార్బర్ దగ్గరవి, కాలువ నోటి దగ్గరవి వద్దు, నీళ్లలో ఏముందో అదంతా వడగట్టి ఒంట్లో దాచుకునే జీవాలవి.

ఫైల్‌ఫిష్‌కి కొమ్మతో పాటు బతికున్న ఆర్టీమియా కూడా ఇవ్వండి. పొదగడం మీకు నేను చెప్పేదేముంది కానీ, గుడ్డులోంచి వచ్చి రోజు దాటిన నాప్లీ (ఆర్టీమియా పిల్ల) ఖాళీ సంచి లాంటిది, సొంత కొవ్వు అప్పటికే కరిగిపోయి ఉంటుంది. వేస్తే వెంటనే వేయండి, లేదంటే నోరు తెరుచుకున్నాక 12 గంటలు ఎన్‌రిచ్‌మెంట్ (కొవ్వున్న మేత) ఇచ్చి వేయండి. పగడం పాలిప్‌లు, వాటి జిగురు మంచి కొవ్వున్న తిండి, ఆ లోటు ఉత్త ఆర్టీమియా తీర్చదు. మీ దగ్గర బయోమాస్, అంటే పెంచి పెద్ద చేసిన ఆర్టీమియా ఉంటే అది ఇంకా మంచిది. ఈ చేప పొద్దున లైటు వెలిగినప్పటి నుంచి ఆర్పేదాకా గిల్లుతూ తిరిగే జీవి, రెండు పూటల మేత దానికి పస్తుతో సమానం. రోజుకి కనీసం ఆరుసార్లు కొంచెం కొంచెం పడాలి. డ్యూటీలో ఉంటే ఇంట్లో వేసేవాళ్లెవరు అనకండి, ఒక సీసా, సన్న ఎయిర్ ట్యూబ్, చిన్న వాల్వ్ పెట్టి నాప్లీ చుక్క చుక్కగా పడేలా కట్టుకోవడం మీకు పది నిమిషాల పని. సీసాలో సన్నగా ఏరేషన్ (గాలి బుడగలు) ఉంచండి. ఇంత మేత పడితే నీళ్లు పాడవుతాయి కాబట్టి రోజు విడిచి రోజు పది శాతం మార్చండి, స్కిమ్మర్ (నీళ్లలోని మలినాల్ని నురగగా తీసే పరికరం) కప్పు రోజూ కడగండి. ఆ మార్చే నీళ్లు ఉప్పాడ సముద్రం నుంచే తెస్తుంటే రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పదనం కొలవకుండా పోయొద్దు, గోదావరి వరద కలిసే నెలల్లో మన తీరంలో సాలినిటీ బాగా పడిపోతుంది. ట్యాంకులో 34–35 పీపీటీ (వెయ్యి పాళ్లకి అన్ని పాళ్ల ఉప్పు) నిలకడగా ఉండాలి.

మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగాను: డామ్సెల్స్. ఏడాదిన్నరగా ట్యాంకుని సొంతం చేసుకున్న డామ్సెల్ ముందు కొత్త చేప నోరు తెరవదు. మీరు చూస్తున్నప్పుడు తరమకపోవచ్చు, లైటు ఆరే ముందు కూర్చుని గమనించండి. ఇవాళే ఫైల్‌ఫిష్ జతని చిల్లులున్న పెద్ద ప్లాస్టిక్ బుట్టలోకి మార్చి ట్యాంకులోనే ఒక మూల కట్టండి, మట్టి కొమ్మ, నాప్లీ ట్యూబ్ రెండూ ఆ బుట్టలోకే. ఆ వైపు లైటు తగ్గించండి. మేతంతా వాటికే దొరుకుతుంది, ఎంత తిన్నదీ తెలుస్తుంది.

ఆకలి పుట్టించే మందు లేదు. వెల్లుల్లి వాసనకి కొన్ని చేపలు దగ్గరికి రావచ్చు కానీ అది వైద్యం కాదు, దాని మీద రోజులు ఖర్చు పెట్టొద్దు. రెట్ట తెల్లగా దారంలా వేలాడుతుంటే మాత్రం లోపల పరాన్నజీవులున్నాయేమో అనుమానించాలి. అప్పుడు వేరే టబ్బులో, ట్యాంకులో కాకుండా, చికిత్స చేయాలి, నాకు ఫొటో పంపండి, చెబుతాను. దుకాణంవాళ్లు చాలామంది మెట్రోనిడజోల్ ఇచ్చేస్తారు. అది రొయ్యల సాగులో నిషేధించిన మందు అని మీకు తెలుసు. ఇంట్లో చేపకి వాడిన చేత్తో, బకెట్‌తో మర్నాడు హేచరీలో అడుగు పెట్టే పరిస్థితి రానివ్వొద్దు. అసలు మందు సంగతి పక్కన పెట్టినా ఇంటి ట్యాంకు నీళ్లు, వలలు, ట్యూబులు ఏవీ హేచరీకి తీసుకెళ్లొద్దు. మేత అటు నుంచి ఇటు రావాలి గానీ ఇటు నుంచి అటు ఏదీ పోకూడదు. మీ ట్యాంకులో క్లీనర్ రొయ్యలుంటే, తెల్లమచ్చ (రొయ్యలకి వచ్చే వైరస్ జబ్బు) అనుమానం ఉన్న చెరువు రొయ్యని పచ్చిగా మేతకి వాడకండి, చేపకేమీ కాదు కానీ వాటికి అంటుకుంటుంది.

ఇప్పుడు కష్టమైన మాట. చేపకి ఎదురుగా నిలబడి చూడండి, పక్క నుంచి కాదు. పొట్ట లోపలికి పోయినా వెన్ను గుండ్రంగా ఉంటే టైమ్ ఉంది. తల వెనక, కళ్ల పైన కండ కరిగి వెన్ను కత్తి అంచులా తేలితే, అప్పుడు తినడం మొదలుపెట్టినా అన్నీ కోలుకోవు. 9 రోజులంటే అరచేతిలో పట్టే ఆ చేపకి చాలా ఎక్కువ, అందుకే రేపటికి వాయిదా వేయొద్దంటున్నాను. ఈసారి ఇవి నిలబడినా నిలబడకపోయినా మళ్లీ ఫైల్‌ఫిష్ కొనకండి. దుకాణంలో మీ కళ్ల ముందు మేత తినని ఏ బటర్‌ఫ్లైనీ కొనకండి. రామేశ్వరం దగ్గర మండపం అనే ఊళ్లో ఉన్న సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం క్లౌన్, డామ్సెల్ చేపల్ని ట్యాంకుల్లోనే పిల్లలు చేయించే పద్ధతులు తెచ్చింది, అలా పుట్టిన చేప మొదటి రోజు నుంచే మన చేతి మేతకి అలవాటు పడి ఉంటుంది.

తినకపోతే పాపమని ఉప్పాడ తీరంలో మాత్రం వదలొద్దు. అక్కడ వాటికి అక్రోపోరా దొరకదు, ట్యాంకు జబ్బులు మాత్రం సముద్రానికి అంటుతాయి. బుట్ట కట్టిన నాలుగో రోజు సాయంత్రం ఎదురు నుంచి తీసిన ఫొటో ఒకటి, కొమ్మ మీద గిల్లుళ్ల ఫొటో ఒకటి పంపండి. అవి చూసి తర్వాత ఏం కలపాలో చెబుతాను.