సోరియాసిస్ ఇంజెక్షన్: 24 గంటలు అడ్మిట్ కాలేదని క్లెయిమ్ కొట్టేస్తే?

ప్రశ్న: మా వారికి తీవ్రమైన సోరియాసిస్. మెథోట్రెక్సేట్‌తో తగ్గకపోవడంతో డాక్టరు సెకుకినుమాబ్ రాశారు. మూడు డోసులు ఆసుపత్రిలో, అదే రోజు ఇంటికి పంపే డే కేర్‌ కింద ఇచ్చారు. 24 గంటలు అడ్మిట్ కాలేదని బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. పాలసీ 2019 నుంచి ఉంది. డబ్బు వస్తుందా? – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ ఒక్క కారణంతో ఇచ్చిన తిరస్కరణను ఒప్పుకోకండి. సెకుకినుమాబ్ మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే ల్యాబ్‌లో తయారుచేసిన యాంటీబాడీ మందు. ఇంజెక్షన్‌గా ఇచ్చే ఈ రకం మందులను బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాల్లో ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చింది. వైద్యపరంగా అవసరమైతే ఇన్‌పేషెంట్‌గానో, ఆసుపత్రిలో డే కేర్‌గానో కవర్ చేయాలి. మీ పాలసీలో ‘ఆధునిక చికిత్సలు’ అన్న క్లాజు, దాని పక్కనే సబ్‌లిమిట్ (ఆ చికిత్సకు విడిగా పెట్టిన గరిష్ఠ పరిమితి) చూడండి. సబ్‌లిమిట్ ఉంటే అంతవరకే వస్తుంది.

ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది కాగితాల దగ్గరే. మందుల షాపు బిల్లు, ఓపీ చీటీ మాత్రమే పెడితే కంపెనీ దాన్ని ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) ఖర్చు కింద కొట్టేస్తుంది. ప్రతి డోసుకూ డే కేర్ డిశ్చార్జి సమ్మరీ ఉండాలి. డాక్టరు లేఖలో పాసీ స్కోరు (సోరియాసిస్ తీవ్రత కొలమానం), ముందు వాడిన మందులు, అవి ఎందుకు పనిచేయలేదో, టీబీ పరీక్ష ఫలితం, ఆసుపత్రిలోనే ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో స్పష్టంగా రాయించండి. ఈ ఆఖరి వాక్యమే కేసుకు ప్రాణం. మామూలు మోతాదు 300 మి.గ్రా.; మొదట వారానికొకటి చొప్పున ఐదు డోసులు, తర్వాత నెలకొకటి. నెలవారీ డోసులు ఇంట్లో ఇంజెక్షన్ పెన్‌తో వేసుకుంటే, ఓపీడీ కవర్ లేనిదే ఆ ఖర్చు రాబట్టడం కష్టం.

జబ్బు పాలసీకి ముందే ఉందని, దాచారని రేపు అన్నా, విరామం లేకుండా 60 నెలలు నడిచిన పాలసీలో మోసం రుజువైతే తప్ప ఆ వాదన నిలవదు. మధ్యలో బీమా మొత్తం పెంచుకుని ఉంటే, పెంచిన భాగానికి లెక్క వేరు.

ముందుగా కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. తిరస్కరణకు కంపెనీ క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం ఉందా, ఏ క్లాజు కింద తిరస్కరించారని అడగండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని, బీమా ఫిర్యాదులు విచారించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు. అయితే అక్కడ కేసు వేశాక అదే విషయాన్ని అంబుడ్స్‌మన్ తీసుకోరు. మీ కేసులో ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లడం మేలు.