లెక్క సరిగా చెప్పమన్నది నా గొంతే

"నాలుగేళ్ల పిల్లవాడు పనివాళ్లతో దురుసుగా మాట్లాడుతున్నాడు, ఎంత చెప్పినా మారడం లేదు, ఏం చేయాలి?" అని ఒకరు అడిగారు. చెప్పడం ఆపండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారో ఒక వారం గమనించండి.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇంటి వెనుకే కొబ్బరితోట. చెట్లెక్కి కాయల దింపు తీసే ఆయన మా మామగారి కాలం నుంచీ వస్తున్న మనిషి. ఒకసారి కాయలు రాశి పోసి ఆయన లెక్క చెబుతుంటే, అయిదేళ్ల మా అబ్బాయి నడుం మీద చెయ్యి వేసుకుని ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. "లెక్క సరిగా చెప్పు. నువ్వు ప్రతిసారీ ఇంతే" అన్నాడు.

ఆ మాట నాది. ఆ గొంతు, ఆ కనుబొమ ఎత్తడం కూడా నావే. నేను కూర్చోబెట్టి నేర్పలేదు. వసారాలో బొమ్మ లారీ నడుపుకుంటూ వాడు రోజూ విన్నదే. ఆయన పల్లెత్తు మాట అనలేదు. రాశి ముందు మళ్లీ కూర్చుని, ఒక్కొక్క కాయా పక్కకు వేస్తూ మొదటి నుంచి లెక్కపెట్టారు. ఒక్క కాయ కూడా తేడా రాలేదు. నేను వసారా స్తంభం పట్టుకుని అలాగే ఉండిపోయాను.

వాడిని ఏ ముఖంతో తిట్టను? తర్వాతి దింపుకు ఆయన రాగానే "రండి, కూర్చోండి" అన్నాను. ఆయన కోసం విడిగా ఉంచే గ్లాసు పారేసి, మేము తాగే గ్లాసులోనే మజ్జిగ ఇచ్చాను. "మిమ్మల్ని అనుమానించడం నా తప్పు" అని పిల్లవాడు వింటుండగానే చెప్పాను.

రెండు తగిలిస్తే దారికి వస్తాడనే వాళ్లకు ఒక మాట. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1961లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు గాలి బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు అవే మాటలు అంటూ అలాగే కొట్టారు. 1965లో ఆయన ఇంకొకటి చూపించారు. కొట్టిన మనిషికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. కానీ చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే, మిగతా పిల్లలతో సమానంగా చేసి చూపించారు. భయపెడితే అణుగుతుంది, పోదు. పైగా ఆ దెబ్బ కూడా వాడు నేర్చుకునే పాఠమే.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని ఊరంతా అంటారు, కర్ర మాత్రం దూడ మీదికే ఎత్తుతారు. సఖినేటిపల్లి రేవులో చూడండి. గోదావరి దాటించే పంటు ఒడ్డుకు ఆనకముందే మోటారు సైకిలు మీద తోసుకుంటూ దూకే తండ్రి ముందు ట్యాంకు మీద పిల్లవాడు కూర్చుని ఉంటాడు. వాడికి వరుసలో నిలబడటం ఏ బడి నేర్పగలదు? శతక పద్యాల పోటీలో బహుమతి తెచ్చుకున్న పిల్లలనూ చూశాను, ఇంటికి వెళ్లి నాయనమ్మను కసురుతారు.

మూడు దింపులు గడిచాక ఒక ఉదయం వంటింట్లో గ్లాసు చప్పుడైంది. మా వాడు రెండు చేతులా మజ్జిగ పట్టుకుని, సగం ఒలకబోసుకుంటూ తోటలోకి వెళుతున్నాడు. ఇమ్మని ఎవరూ చెప్పలేదు.