గల్లీ ఫోటో గురించి ఒక ఉత్తరం

తమ్ముడూ,

నీ వ్యాసం, దానితో పాటు పంపిన ఫోటో అందాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట ఏదో పాత పుస్తకం తిరగేస్తుంటే జారిపడిందన్నావు. అదృష్టవంతుడివి. ముప్పై ఏళ్లుగా అక్కడ తిరుగుతున్నాను, నాకు దొరికినవన్నీ చెదలు తిన్నవే.

ముందు ఫోటో చూసి, తర్వాత వ్యాసం చదివాను. "ఆ గల్లీలో ఒకరి కష్టం అందరి కష్టం" అని మొదలుపెట్టావు. ఎవరు చెప్పారు నీకు? ఫోటోలో నాకు కనబడింది ఇరుకు సందు, పెంకులు జారిన చూరు, నడిమధ్య మోరీ, దాన్ని దాటబోతూ మసకబారిన ఒక మనిషి. ఆ మోరీ ఒక్క వాక్యంలోనైనా వస్తుందేమోనని చివరిదాకా చూశాను. రాలేదు. పాత ఫోటో చేతికి రాగానే మనందరికీ ఆ రోజులే బాగుండేవనిపిస్తుంది. ఆ సందులో ఒక్క వానాకాలం గడిపితే తెలుస్తుంది.

అసలు ఆ ఫోటో ఎవరు తీశారు, ఎందుకు తీశారు? నీ వ్యాసం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. గ్లాస్గోలో థామస్ అన్నన్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. అక్కడి పాత సందులు కూల్చడానికి 1866లో చట్టం వచ్చింది. ఆ పని చేపట్టిన సంస్థే అతని చేత 1868 నుంచి 1871 వరకు ఆ సందుల ఫోటోలు తీయించింది. గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరేలోపే ఫోటో తీసి, కడిగేయాలి. సందుల్లో వెలుతురు తక్కువ కాబట్టి లెన్స్ చాలాసేపు తెరిచి ఉంచాలి. కదలకుండా నిలబడ్డవాళ్లు చక్కగా పడ్డారు, కదిలినవాళ్లు మరకల్లా మిగిలారు. ఆరేసిన బట్టలు కూడా గాలికి ఊగి పొగలా పడ్డాయి. గోడలు మాత్రం రాయి రాయి లెక్కపెట్టేంత స్పష్టం. కూల్చేవాళ్లకు కావలసింది గోడలే కదా.

మన హైదరాబాద్‌లో 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచేసింది. 1911లో ప్లేగు. ఆ మరుసటి ఏడాదే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చేశారు, కొన్నిచోట్ల వరసగా ఇళ్లు కట్టించారు. ఇవాళ పత్తర్‌గట్టీలో రాతి కమాన్ల కింద గాజులు, అత్తర్లు కొంటున్నామంటే ఆ బోర్డు పుణ్యమే. బస్తీలు తీసేసిందని బోర్డును విలన్ చేయకు. ప్లేగు వచ్చిన ఇంట్లోవాళ్లకు వెడల్పాటి రోడ్డు మీద కోపం ఉండకపోవచ్చు. ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ లాంటివాళ్ల స్టూడియోకి నవాబులు తామే వెళ్లి కూర్చునేవారు. గల్లీవాళ్ల ఇంటికి కెమెరా నడిచి వచ్చిందంటే చాలాసార్లు వెనకాలే పలుగూ పారా వస్తున్నాయని అర్థం. ఆ సంగతి తెలిసి రాస్తే నీ వాక్యాల నడక దానంతట అదే మారుతుంది.

నా తప్పొకటి చెప్తాను. నా మొదటి కథల్లో ఒకటి ఇలాంటి ఫోటో చూసే రాశాను. అందులో ఒకావిడ తెల్లవారుజామున గల్లీ మూల నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడుతుంది. కథ అచ్చయ్యాక పాతబస్తీ పెద్దాయన ఒకరు కలిసి, "బాగుంది సార్, కానీ ఆ మూల నల్లా ఎక్కడిది? బావి కదా ఉండేది" అన్నారు. పౌరుషానికి పోయి లియొనార్డ్ మున్ పటాలు వెతికాను. వరద తర్వాత, 1912-15 మధ్య, నగరాన్ని ఇల్లిల్లూ కొలిచి గీసిన పటాలవి. సరిగ్గా ఆ మూల బావి గుర్తు! కథ మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది. నల్లా దగ్గర లైన్లో నిలబడే మనిషీ, తాడు వేసి చేదుకునే మనిషీ ఒకలా మాట్లాడరు. నువ్వూ ఆ పటాలు దగ్గర పెట్టుకో. కళ్లద్దాలు అరిగిపోతాయి, అంతే.

ఇంకొకటి. నువ్వు ఆరుసార్లు "మురికివాడ" అని రాశావు. లెక్కపెట్టాను. అది ఫైల్లో మాట. అక్కడ ఉండేవాళ్లు బస్తీ అంటారు, గల్లీ అంటారు, మా ఇల్లు అంటారు. ఆఫీసరు నోట ఆ మాట వస్తే రానీ, నీ నోట వద్దు.

ఇప్పటి సంగతికొస్తాను, అసలు ఉత్తరం రాసింది దీనికోసమే. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే నదీగర్భంలో (రివర్ బెడ్) ఉన్న, తీసేయాల్సిన ఇల్లని, అధికారులు రాసినప్పుడు ఛాదర్‌ఘాట్ వైపు వెళ్లాను. అక్కడ ఒకావిడ సామాన్లు ఆటోలోకి ఎక్కిస్తోంది. ఫోటోలేమైనా ఉన్నాయా అమ్మా అని అడిగితే "గల్లీని ఎవరు తీస్తరు సార్" అంది. ఫోన్లో పెళ్లి ఫోటోలు చూపించింది. పెళ్లికూతురు వెనక పచ్చరంగు గోడ, మెట్ల మీద చెప్పుల కుప్ప, పక్కింటి తలుపులో సగం కనబడే ముసలామె, పైన కరెంటు వైర్లు. గల్లీ అంతా వెనకాల అలా పడి ఉంది. పుట్టినరోజు కేకు ఫోటోలో ఇంకో మలుపు. పీర్ల పండగ రోజుదాంట్లో మూల మీది కిరాణా కొట్టు.

అన్నన్‌కు దొరకనివి ఇవి. ఆ ఫోటోలు ఇప్పుడు ఫోన్లలో ఉన్నాయి, ఫోన్లు పగిలిపోతాయి, మార్చేస్తారు. సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్రూం ఇళ్లకు వెళ్లినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లు. చాయ్ తాగు. ఎవరు తీశారో, ఆ రోజు ఏం వండారో అడుగు. వాళ్లు వద్దన్న ఫోటో వేయకు.

నీ ఫోటో వెనకవైపు ఏముందో చెప్పలేదు. నంబరో, స్టూడియో ముద్రో ఉండొచ్చు. అదీ స్కాన్ చేసి పంపు. మళ్లీ ఆబిడ్స్ వెళ్లేటప్పుడు నాకొక ఫోన్ కొట్టు. పది తర్వాతైతేనే, పొద్దున్నే నా మోకాళ్లు మాట వినవు.

మీ అన్న