కౌంటీ నుంచి విడిపోయి ఊరికి సొంత స్కూల్ డిస్ట్రిక్ట్: అయ్యే పనేనా, ఖర్చెంత?

ప్రశ్న: అమెరికాలో మేమున్న సబర్బ్ కౌంటీ స్కూల్ డిస్ట్రిక్ట్ కింద ఉంది. విడిపోయి సొంత డిస్ట్రిక్ట్ పెట్టుకుందామని ఊళ్లో కొందరు తిరుగుతున్నారు. ఇది అయ్యే పనేనా? ఎన్నేళ్లు పడుతుంది, ట్యాక్స్ ఎంత పెరుగుతుంది? మేమింకా హెచ్1బీ మీదే ఉన్నాం, ఓటు లేదు. మా పిల్లల స్కూలు మారిపోతుందా?

జవాబు:

మీరు ఏ రాష్ట్రమో రాయలేదు. సగం జవాబు అందులోనే ఉంది. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే సంస్థ) పుట్టాలన్నా పోవాలన్నా రాష్ట్ర చట్టం ప్రకారమే. అలబామాలో 5,000 జనాభా ఉన్న ఊరు సొంత బోర్డు వేసుకోవచ్చు. టెన్నెసీలో కనీసం 1,500 మంది విద్యార్థులు ఉండాలి, ఊరి ఓటర్లు సరేననాలి. కాలిఫోర్నియాలో ఆ ప్రాంతపు రిజిస్టర్డ్ ఓటర్లలో 25 శాతం మంది సంతకాలతో పిటిషన్ పెట్టొచ్చు. కానీ కొత్త యూనిఫైడ్ డిస్ట్రిక్ట్‌కి (ఎలిమెంటరీ నుంచి హైస్కూల్ దాకా అన్నీ నడిపేది) కనీసం 1,501 మంది పిల్లలు, ఆస్తుల న్యాయమైన పంపకం, జాతులవారీగా పిల్లలు విడిపోకుండా చూడటం లాంటి తొమ్మిది షరతులు దాటాలి. ఫ్లోరిడాలో ఉంటే మాత్రం ఆశ వదులుకోండి. అక్కడ ఒక్కో కౌంటీ ఒక్కో డిస్ట్రిక్ట్ అని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసి ఉంది.

అన్ని రాష్ట్రాలూ ఏకరువు పెట్టే బదులు ఒక్క కేసు పట్టుకుని చెప్తాను. టెన్నెసీలో మెంఫిస్ పక్కనున్న ఆరు ఊళ్లు: ఆర్లింగ్టన్, బార్ట్‌లెట్, కాలియర్‌విల్, జర్మన్‌టౌన్, లేక్‌ల్యాండ్, మిల్లింగ్టన్. ఫెడెక్స్ ఐటీ ఉద్యోగాల వల్ల కాలియర్‌విల్, జర్మన్‌టౌన్ వైపు మనవాళ్లకు ఈ కథ కొంత తెలుసు. మిగతావాళ్లకు ఒకటే మాట: దీన్ని కొత్త బడి పెట్టడంలా చూడకండి, ఉమ్మడి కుటుంబంలో వాటాల పంపకంలా చూడండి. ఓటు వేయించడం అన్నిటికంటే తేలికైన భాగం.

వరస ఇలా నడిచింది. 2010 డిసెంబరులో మెంఫిస్ సిటీ స్కూల్ బోర్డు తన చార్టర్ (విడిగా డిస్ట్రిక్ట్ నడిపే అధికార పత్రం) వదులుకోవాలని 5-4తో తీర్మానించింది. అంటే సిటీ బడులన్నీ, మెంఫిస్ ఉన్న షెల్బీ కౌంటీ నెత్తిన పడ్డట్టే. 2011 మార్చిలో మెంఫిస్ ఓటర్లు దానికి ఒప్పుకున్నారు. అంతకు ముందు నెలలోనే రాష్ట్ర శాసనసభ, విలీనం అయ్యాక ఆ కౌంటీలో ఊళ్లు కొత్త డిస్ట్రిక్టులు పెట్టుకోవచ్చని చట్టం చేసింది. ఆరు ఊళ్లూ 2012 ఆగస్టులో ఓటేసి సరేనన్నాయి. నవంబరులో ఫెడరల్ జడ్జి ఆ ఓటింగును కొట్టేశాడు: ఆ ఓటింగుకు దారి చూపిన 2012 నాటి చట్టం ఒక్క షెల్బీ కౌంటీకే వర్తించేలా రాశారు, రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం అది చెల్లదు. 2013లో శాసనసభ రాష్ట్రమంతటికీ వర్తించేలా ఇంకో చట్టం చేసింది. జులై 16న మళ్లీ ఓటింగ్, నవంబరులో బోర్డు ఎన్నికలు, 2014 ఆగస్టులో బడులు తెరిచారు. మెంఫిస్, కౌంటీ కలిసి కాపురం చేసింది ఒక్క విద్యా సంవత్సరమే. మొదటి చట్టం నుంచి లెక్కేస్తే మొత్తం మూడున్నరేళ్లు, అదీ శాసనసభ పూర్తిగా ఊళ్ల వైపు ఉండగా. మీ దగ్గర "వచ్చే ఏడాదికల్లా" అనేవాళ్లుంటే, చిరునవ్వు నవ్వి ఊరుకోండి.

ఇక డబ్బు. టెన్నెసీలో రాష్ట్రం ఇచ్చే నిధులు, కౌంటీ అంతటా వసూలయ్యే స్కూల్ ట్యాక్స్ పిల్లల సంఖ్యను బట్టి డిస్ట్రిక్టుల మధ్య పంచుతారు, కాబట్టి ఆ వాటా పిల్లవాడి వెంటే కొత్త డిస్ట్రిక్ట్‌కి వస్తుంది. దాని మీద ఊరు తన జేబులోంచి కనీసం 15 సెంట్ల ప్రాపర్టీ ట్యాక్స్‌కి సమానమైన మొత్తం కలపాలి. 15 సెంట్లు అంటే ఎంత? అక్కడ ఇంటి విలువలో 25 శాతాన్నే పన్ను లెక్కకి తీసుకుంటారు. 4 లక్షల డాలర్ల ఇల్లు 1 లక్ష కింద లెక్క, ప్రతి 100 డాలర్లకు 15 సెంట్ల చొప్పున ఏడాదికి 150 డాలర్లు. ఆ ఊళ్లలో ఎక్కువ భాగం ఈ డబ్బు కోసం సేల్స్ ట్యాక్స్ అర సెంటు పెంచుకున్నాయి, 9.25 శాతం 9.75 అయింది. షాపింగ్ మాల్స్ ఉన్న ఊరికి ఇది లాభం, పక్క ఊరివాళ్లు కొన్నప్పుడు కూడా డబ్బు పడుతుంది. ఇళ్లు తప్ప దుకాణాలు లేని ఊరికి గిట్టదు. మీ ఊరిది ఏ రకమో ముందు చూసుకోండి.

ప్రచారంలో చెప్పే అంకె ఈ కనీస మొత్తమే. అసలు ఖర్చు తర్వాత వస్తుంది. పాత బిల్డింగులు ఉన్నవి ఉన్నట్టే అప్పజెప్తారు, ఏళ్లుగా వాయిదా వేసిన రూఫ్, ఏసీ రిపేర్లతో సహా. ఊరు పెరుగుతూ ఉంటే కొత్త హైస్కూలు కావాలి. కాలియర్‌విల్‌లో 2018లో తెరిచిన హైస్కూలుకి 9 కోట్ల డాలర్లు దాటాయి, దానికోసం ప్రాపర్టీ ట్యాక్స్ పెంచారు. ఫీజిబిలిటీ స్టడీ చేయించినప్పుడు కన్సల్టెంట్‌ని రెండు ప్రశ్నలు విడిగా అడగాలి: మొదటి ఏడాది నడపడానికి ఎంత, పదేళ్లలో కట్టడాలకు ఎంత. రెండోది అడగకపోతే చాలామంది దాన్ని రిపోర్టులో పెట్టరు.

బిల్డింగుల దగ్గరే అసలు పంచాయితీ. ఊళ్లు అన్నది: ఇవి మా ట్యాక్సులతో కట్టినవి, ఉచితంగా ఇవ్వాలి. కౌంటీ అన్నది: కౌంటీ అంతా కట్టిన డబ్బు ఇది, పైగా రిటైరైన టీచర్ల ఆరోగ్య బీమా భారం మా మీదే మిగులుతుంది. చివరికి బడుల్ని నామమాత్రపు ధరకి ఇచ్చి, ఆ రిటైరీల భారం పేరు మీద ఊళ్లు 12 ఏళ్లపాటు కట్టేలా రాజీ కుదిరింది. కాలియర్‌విల్‌ వాటా దాదాపు 61 లక్షల డాలర్లు, బార్ట్‌లెట్‌ది 73 లక్షలు. ఆంధ్ర, తెలంగాణ విభజనలో 58.32, 41.68 నిష్పత్తి, 9, 10 షెడ్యూళ్ల సంస్థల గొడవ చూసిన మనకు ఇందులో వింతేమీ ఉండదు: అప్పు జనాభా లెక్కన పంచుకోవచ్చు, కట్టడం మాత్రం ఎక్కడుంటే అక్కడే ఉంటుంది.

కానీ "ఎక్కడుంటే అక్కడివాళ్లదే" అని కూడా నమ్మకండి. జర్మన్‌టౌన్ ఊరి నడిమధ్యనే ఉన్న జర్మన్‌టౌన్ ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ ఊరికి రాలేదు. వాటిలో చదివేవాళ్లలో పెద్ద భాగం ఊరి సరిహద్దు గీతకి బయట ఉండేవాళ్లు. వాటిని వదులుకుంటే ఆ పిల్లల్ని పెట్టడానికి కౌంటీకి బడి ఉండదు. అందుకని ఊరి పేరు గోడ మీద ఉన్న హైస్కూలు వేరే డిస్ట్రిక్ట్ నడిపింది, ఊరి పిల్లలు ఊళ్లోనే ఉన్న హ్యూస్టన్ హైస్కూలుకి వెళ్లారు. 2022లో రాష్ట్రం ఇంకో చట్టం చేశాక గానీ ఆ మూడు బడుల సంగతి తేలే దారి పడలేదు. ప్రతి బడికీ "ఊరి లోపలి పిల్లలు ఎందరు, బయటి పిల్లలు ఎందరు" అనే పట్టిక సంతకాల సేకరణకు ముందే తయారు చేయాలి. ఏ బడి మీద తగువొస్తుందో ఆ పట్టికే చెప్తుంది. లేక్‌ల్యాండ్‌ది మరో రకం ఇబ్బంది. 2014లో ఆ డిస్ట్రిక్ట్‌కి ఉన్నది ఒక్క ఎలిమెంటరీ స్కూలే. పెద్ద పిల్లలు ఒప్పందం మీద ఆర్లింగ్టన్‌కి వెళ్లేవాళ్లు. సొంత మిడిల్ స్కూల్ 2017లో గానీ రాలేదు.

ఇక్కడే మీ ఇంటి సంగతి. అడ్రస్‌లో ఊరి పేరు ఉన్నంత మాత్రాన మీరు ఊళ్లో ఉన్నట్టు కాదు, అది పోస్టాఫీసు పేరు. కౌంటీ మ్యాపులో మీ పార్సెల్ (స్థలం) నంబరు కొట్టి, అది సిటీ లిమిట్స్ లోపలుందో, ఏ ఊరి పాలన కిందా లేని కౌంటీ నేలలో ఉందో చూడండి. ఇంకో తేలిక గుర్తు: కౌంటీ ట్యాక్స్‌తో పాటు ఊరికి కూడా ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నారా? చాలామందికి ఎస్క్రోలోంచి (ఇంటి లోన్ వాయిదాతో పాటు ట్యాక్స్ కోసం తీసి ఉంచే ఖాతా) బ్యాంకే కట్టేస్తుంది కాబట్టి ఈ కాగితం ఎప్పుడూ తెరిచి చూడరు. గీతకి బయట ఉంటే విడిపోయాక మీ పిల్లలు పాత డిస్ట్రిక్ట్‌లోనే ఉండొచ్చు, లేదా కొత్త బోర్డు ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (బయటి పిల్లల్ని కూడా చేర్చుకోవడం) ఇస్తే సీటు ఖాళీని బట్టి రావచ్చు. ఖాళీ ఏడాదేడాదికీ మారుతుంది. "టాప్ రేటెడ్ స్కూల్ జోన్" అని రియల్టర్ చెప్పిన మాట విడిపోయే చర్చ మొదలైన రోజు నుంచి చెల్లదు.

ఎవరు ఓటేస్తారన్నది కూడా చూడాలి. యూటాలో 2007లో జోర్డన్ డిస్ట్రిక్ట్ తూర్పు వైపు విడిపోయి క్యాన్యన్స్ డిస్ట్రిక్ట్ అయింది, 2009 జులైలో నడక మొదలైంది. ఓటు హక్కు విడిపోయే వైపు వాళ్లకే. పిల్లలు పెరుగుతూ కొత్త బడులు కట్టాల్సిన పడమటి వైపు ఓటు లేక చూస్తూ ఉండిపోయింది. కోర్టుకెళ్తే అప్పీల్ కోర్టు 2010లో ఇది చెల్లుతుందనే చెప్పింది. మీ ఊరు విడిపోయే వైపుందో, మిగిలిపోయే వైపుందో చూసుకోవడం అందుకే.

కోర్టు అన్నాక అసలు అడ్డంకి చెప్పాలి. మీ కౌంటీ డిస్ట్రిక్ట్ మీద పాత డీసెగ్రిగేషన్ ఉత్తర్వు (నల్ల, తెల్ల పిల్లల్ని వేరువేరు బడుల్లో పెట్టకూడదన్న కోర్టు ఆదేశం) ఇంకా బతికి ఉందా? దక్షిణాదిలో కొన్ని చోట్ల 1960ల నాటి కేసులు ఈ నాటికీ మూసేయలేదు. ఉంటే విడిపోవడానికి ఫెడరల్ జడ్జి అనుమతి కావాలి. వర్జీనియాలో ఎంపోరియా అనే ఊరు విడిపోబోతే 1972లో సుప్రీంకోర్టు ఆపేసింది. అలబామాలో గార్డెన్‌డేల్ బోర్డు వేసుకుంది, ట్యాక్స్ వేసుకుంది, సూపరింటెండెంట్‌ని కూడా పెట్టుకుంది. 2017లో జడ్జి, ఇందులో జాతి భావం ఒక కారణమని తేల్చి కూడా కొంత వరకు అనుమతిస్తే, 2018 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు ఆ కాస్త కూడా తీసేసింది. ఆ తీర్పులో సాక్ష్యంగా వాడినవాటిలో ఉద్యమం నడిపినవాళ్ల ఫేస్‌బుక్ రాతలు ఉన్నాయి. మీ వాట్సాప్ గ్రూపులో "ఆ అపార్ట్‌మెంట్ల పిల్లలు మనకొద్దు" అని ఎవరైనా రాస్తే, ఏడాది తర్వాత అది లాయర్ చేతిలో ఉంటుంది. అసలు అలా అనుకోకుండా ఉండటం మేలు, అది వేరే సంగతి.

అన్నీ దాటారనుకుందాం. బోర్డు ఎన్నికకీ బడి గంటకీ మధ్య ఎనిమిది, తొమ్మిది నెలలే ఉంటాయి, చేతులు కాలేది ఇక్కడ. ముందు సూపరింటెండెంట్, ఆ వెంటనే ఫైనాన్స్ డైరెక్టర్. ఈ రెండో మనిషిని ఆలస్యం చేస్తే మొదటి జీతాలకే ఇబ్బంది. ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది, కానీ ప్రిన్సిపాళ్లని, సిబ్బందిని అంతకు ముందే తీసుకోవాలి, రాష్ట్రం డబ్బు ఇంకా పడదు. ఆ మధ్యకాలానికి ఊరు అప్పుగా సర్దాలి, అది కౌన్సిల్ తీర్మానంలో రాతపూర్వకంగా ఉండాలి. టీచర్లకు ఆఫర్లు వసంతకాలంలోనే వెళ్లాలి, లేకపోతే మంచివాళ్లు పాత డిస్ట్రిక్ట్‌లోనే సంతకం పెట్టేస్తారు. సీనియారిటీ, సిక్ లీవులు, పెన్షన్ కొత్త చోటికి వస్తాయా అని వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకి జవాబు అప్పటికే సిద్ధంగా ఉండాలి.

మర్చిపోయేవి చిన్నవే: వంటగదుల పర్మిట్లు, మధ్యాహ్న భోజనానికి ఫెడరల్ సబ్సిడీ ఒప్పందం, ట్రాన్స్‌క్రిప్టులు కొత్త కంప్యూటర్ సిస్టంలోకి ఎక్కించడం, హైస్కూల్ అక్రెడిటేషన్ (గుర్తింపు) తెగకుండా చూడటం. బ్యాండ్ వాయిద్యాలు, ల్యాప్‌టాప్‌లు ఎవరివో సీరియల్ నంబర్లతో జాబితా రాయించుకోకపోతే వేసవిలో ఒక వ్యాన్ వచ్చి తీసుకెళ్లిపోతుంది. పెద్ద దెబ్బ తీసేది మాత్రం స్పెషల్ ఎడ్యుకేషన్. ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి విడిగా రాసే చదువు ప్రణాళిక) ఉన్న ఒక్క పిల్లవాడికి ప్రత్యేక స్కూలు, బస్సు, నర్సు అవసరమైతే ఆ ఖర్చు చట్టప్రకారం డిస్ట్రిక్ట్‌దే. లక్షమంది పిల్లలున్న చోట అది బడ్జెట్‌లో కనబడదు. రెండు వేల మంది ఉన్న చోట ఇద్దరు టీచర్ల పోస్టులు మింగేస్తుంది. రిజర్వ్ ఫండ్ లేకుండా మొదలుపెట్టొద్దనేది ఇందుకే. బస్సులు, భోజనం, సాఫ్ట్‌వేర్ లాంటివి పక్క చిన్న డిస్ట్రిక్టులతో కలిసి కొనుక్కుంటే కొంత తేలికవుతుంది.

ఇక మీ వీసా సంగతి. హెచ్1బీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఈ పిటిషన్ మీద సంతకం పెట్టకూడదు, అక్కడ కావలసింది రిజిస్టర్డ్ ఓటర్ల సంతకాలే. గుడి దగ్గరో ఇండియన్ స్టోర్ దగ్గరో క్లిప్‌బోర్డుతో నిలబడినవాళ్లు "పర్లేదండీ, ఇక్కడ రిజిస్టర్ కూడా చేసేస్తాం" అంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. సిటిజన్ కాని మనిషి ఓటరుగా నమోదైతే ఇమిగ్రేషన్‌లో తిప్పలు తప్పవు, దేశం నుంచి పంపేసే దాకా పోవచ్చు. పబ్లిక్ హియరింగ్‌లో మాట్లాడటానికి మాత్రం సిటిజన్ కానక్కర్లేదు. పేరు నమోదు చేసుకుంటే సాధారణంగా రెండు, మూడు నిమిషాలు ఇస్తారు. ఆ సమయాన్ని ట్యాక్స్ మీద ఖర్చు చేయకండి. ఒక్కటే అడగండి: విడిపోయే ఏడాదికి పదకొండు, పన్నెండో తరగతుల్లో ఉండే పిల్లలు ఉన్న బడిలోనే పూర్తి చేయొచ్చా, వాళ్లకి బస్సు ఉంటుందా? మొదటిదానికి సాధారణంగా అవుననే అంటారు. రెండోది మినిట్స్‌లో (సమావేశపు రికార్డులో) రాయించుకోండి.