బోరా, ఇల్లా... ముందు ఏది?

ప్రశ్న: కళ్యాణదుర్గం వైపు మూడెకరాల మెట్ట భూమి కొన్నాను. చెట్టు లేదు, కరెంటు స్తంభం కిలోమీటరు దూరం. ఇద్దరు పిల్లలతో అక్కడే స్థిరపడి తిండి, నీరు, కరెంటు సొంతంగా సమకూర్చుకోవాలని నా కోరిక. ఈ వేసవిలోనే పని మొదలుపెట్టి దసరాకు గృహప్రవేశం చేయాలనుకుంటున్నాను. ముందు బోరు వేయించాలా, ఇల్లు కట్టాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దు. పక్క ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకుని, ముందు ఒక వానాకాలం మీ నేలను చూడండి.

పదకొండేళ్ల కిందట మాకూ ఒక పెద్దాయన ఈ మాటే చెప్పాడు, మేం వినలేదు. కదిరి దగ్గర మా నాలుగెకరాల్లో చదునుగా కనిపించిన చోట ఇల్లు కట్టుకున్నాం. సెప్టెంబరులో ఒక రాత్రి వానకు మిట్ట మీది నీళ్లన్నీ మా వాకిట్లోంచే దారి తీశాయి. తెల్లవారి చూస్తే వంటింట్లో చీలమండ లోతు ఎర్ర బురద. మేం చదును అనుకున్నది పూడిపోయిన పాత వంక. ఎండాకాలంలో ఆ సంగతి ఎవరి కంటికీ ఆనదు.

మీ ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. ఆ నీటిని పొలం దాటనివ్వకుండా ఆపడమే మీ మొదటి పని. దానికి మేస్త్రీలు మట్టం చూసే తెల్ల గొట్టం చాలు. నీళ్లు నింపి, చెరో చివర ఇద్దరు పట్టుకుని, రెండు వైపులా నీటి గీత నేల నుంచి ఒకే ఎత్తులో నిలిచే చోటల్లా ముగ్గుపిండి వేస్తూ పోండి. గీత పాములా వంకర తిరుగుతుంది, తిరగనివ్వండి. దాని వెంట కందకం తవ్వి, మట్టిని దిగువ వైపు గట్టుగా పోయండి. గట్టు మీద కానుగ, సీతాఫలం, గ్లిరిసిడియా పెట్టండి. వాన వెలిశాక కందకం పక్కన కూర్చుంటే ఎర్రనీళ్లలోంచి సన్నగా బుడగలు లేస్తుంటాయి. నేల తాగుతున్న చప్పుడది. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే నా కడుపు నిండుతుంది.

బోరు తర్వాతి మాట. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం ప్రకారం దానికి అనుమతి కావాలి. పైగా నీళ్లు పడతాయన్న భరోసా లేదు; మా పొరుగు రైతు నాలుగు వేస్తే ఒక్కదాంట్లో పడ్డాయి. పడినా పరీక్ష చేయించందే తాగకండి. మీ వైపు చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు పిల్లలకు పట్టకూడదు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 55 వేల లీటర్ల వాన పడుతుంది. నలుగురికి తాగడానికి, వంటకు రోజుకు ఇరవై లీటర్లు వేసుకున్నా ఏడాదికి 7,300 లీటర్లే కదా! అందుకని పదివేల లీటర్ల తొట్టి కట్టించండి. తొలకరి నీళ్లు మాత్రం మిద్దె కడిగి బయటికి పోవాలి.

కరెంటు గురించి దిగులు పడకండి. ఒక కిలోవాటు సోలార్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. దీపాలు, రెండు పొదుపు ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్ వాటితో నడుస్తాయి. ఏసీ ఆశ వదులుకోండి. రాత్రికి బ్యాటరీలు కావాలి, వాటిని కొన్నేళ్లకోసారి మార్చక తప్పదు. ఆ డబ్బు ఇప్పటినుంచే పక్కన పెట్టండి.

తిండి దగ్గర పట్నపు లెక్కలు పనికిరావు. ఆ నేలలో వరి మాట మరిచిపోండి. కొర్ర, సజ్జ, మధ్యలో కంది, అలసంద వేయండి. మంచి ఏడు మాకు ఎకరానికి నాలుగైదు క్వింటాళ్ల కొర్రలు వస్తాయి. చెడ్డ ఏడు పశువుల మేతే దక్కుతుంది. అందుకే మా గాదెలో రెండేళ్ల గింజలు ఉంచుకుంటాం. ఉప్పు, చెప్పులు, మందులు ఎప్పటికీ కొనవలసిందే.

మీ ఉత్తరంలో మీ ఆవిడ మాట ఎక్కడా లేదు. కొర్రన్నం వండేది, తొట్టి నీళ్లు పొదుపుగా వాడేది ఆమె కూడా. ఈ వానాకాలం ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి. గొట్టం రెండో చివర ఆమెనే పట్టుకోమనండి.

అన్నట్టు, గొట్టంలో గాలి బుడగ ఒక్కటి మిగిలినా మట్టం తప్పు చూపుతుంది. మా మొదటి కందకం అలాగే వాలుగా వచ్చి, నీళ్లన్నీ ఒక మూలకు చేరి గట్టు తెగింది. బుడగలన్నీ పోయేదాకా గొట్టాన్ని వేలితో తడుతూ ఉండండి.